ఫైలు మూసేయకండి: అవయవ మార్పిడి జరిగిన పిల్లలూ, క్యాన్సర్ ముప్పూ

(అవయవదాన దినోత్సవం సందర్భంగా విశాఖపట్నంలో జరిగిన తల్లిదండ్రుల సమావేశంలో ఒక పిల్లల కిడ్నీ వైద్యురాలు చేసిన ప్రసంగానికి అక్షర రూపం. ప్రశ్నలు అడిగినవారి పేర్లు వదిలేశాం.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకి రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

ఈ రోజు టాపిక్ ఏంటో తెలిసి, పిల్లల్ని బయటికి పంపేద్దామా మేడమ్ అని ఒకరిద్దరు అడిగారు. మరీ చిన్నవాళ్లని పంపండి, పక్క గదిలో బొమ్మలున్నాయి. పది పన్నెండేళ్లు దాటినవాళ్లని మాత్రం ఉండనివ్వండి. ఒళ్లు వాళ్లది, మందులు మింగేది వాళ్లు. ఇందులో దాచాల్సింది ఏమీ లేదు.

ఆగస్టు 3నే ఈ దినోత్సవం ఎందుకంటే, 1994లో ఇదే తేదీన ఢిల్లీ ఎయిమ్స్‌లో మన దేశపు మొదటి గుండె మార్పిడి విజయవంతంగా జరిగింది. చేసిన సర్జన్ డాక్టర్ పి. వేణుగోపాల్, మన రాజమండ్రిలో పుట్టినవారు. ఆ ఏడాదే అవయవ మార్పిడి చట్టం కూడా వచ్చింది. 1998 నవంబరులో ఢిల్లీలోనే ఇరవై నెలల బాబుకి కాలేయ మార్పిడి చేశారు. పిత్తనాళాలు మూసుకుపోయే జబ్బుతో పుట్టాడు. వాళ్ల నాన్న తన కాలేయంలో కొంత భాగం ఇచ్చారు. పసిపిల్లలకి చేసిన కాలేయ మార్పిడి మన దేశంలో విజయవంతం కావడం అదే మొదలు. ఆ బాబు పెద్దవాడై డాక్టరయ్యాడు. మీలో చాలామంది పేపర్లో చదివే ఉంటారు.

నేను మాట్లాడబోయేది సరిగ్గా అలా పెద్దవాళ్లైన పిల్లల గురించి. మార్పిడి మొదలైన రోజుల్లో డాక్టర్ల ఆరాటమంతా ఈ వారం గడుస్తుందా, ఈ నెల గడుస్తుందా అనే. పాతికేళ్ల పాటు రోగనిరోధక శక్తిని అణిచే ఈ మందులు మింగితే శరీరంలో ఏం జరుగుతుంది అన్న ప్రశ్న అప్పుడు ఎవరికీ తట్టే అవకాశం లేదు. పిల్లలు బతికి, చదువుకుని, పెళ్లిళ్లు చేసుకున్నాకే ఆ ప్రశ్నకి చోటు దొరికింది. జవాబులో కొంత భాగం క్యాన్సర్. అవును, అవయవ మార్పిడి జరిగిన పిల్లలకి కొన్ని రకాల క్యాన్సర్లు వచ్చే ముప్పు మామూలు పిల్లల కంటే ఎక్కువ. ఆ ముప్పు మొదటి ఏడాదిలో ఒక రూపంలో ఉంటుంది, ఇరవై ఏళ్ల తర్వాత ఇంకో రూపంలో ఉంటుంది. అందుకే, ఆపరేషన్ అయి పదేళ్లయింది, అంతా బాగుంది కదా అని ఫైలు అటక మీద పెట్టేయకండి అని చెప్పడానికి వచ్చాను.

ఈ సంగతి కొత్తగా బయటపడిందేమీ కాదు. 1954లో బోస్టన్‌లో జోసెఫ్ ముర్రే మొదటి కిడ్నీ మార్పిడి విజయవంతంగా చేసినప్పుడు ఇచ్చినవారు, పుచ్చుకున్నవారు అచ్చంగా ఒకేలా ఉండే కవలలు. కాబట్టి రోగనిరోధక శక్తిని అణిచే మందుల అవసరం రాలేదు. తర్వాత అలాంటి మందు అజాథయోప్రిన్ వచ్చింది, స్టెరాయిడ్లు వాడారు, కవలలు కానివాళ్ల మధ్య కూడా మార్పిడి సాధ్యమైంది. 1960ల చివరికే కొందరు రోగుల్లో లింఫోమా, అంటే తెల్ల రక్తకణాల్లో ఒక రకానికి వచ్చే క్యాన్సర్, కనిపించడం మొదలైంది. డెన్వర్‌లో థామస్ స్టార్జ్ల్ దగ్గర పనిచేసిన ఇజ్రాయెల్ పెన్ అనే సర్జన్ 1968లో అలాంటి కేసులన్నీ ఒక రిజిస్టర్లో రాయడం మొదలుపెట్టారు. కంప్యూటర్లు లేని కాలం. ఎక్కడెక్కడి ఆస్పత్రుల నుంచో వివరాలు తెప్పించుకుని రాసుకున్నారు. ఈ రోజు మన చేతిలో ఉన్న జ్ఞానంలో చాలా భాగానికి పునాది ఆ రిజిస్టరే. మన దగ్గర ఆపరేషన్లు చేయడానికి పోటీ పడతాం గానీ, చేశాక ఇరవై ఏళ్ల పాటు లెక్క రాసే ఓపిక తక్కువ. ఈ మాట మా డాక్టర్లకి కూడా వర్తిస్తుంది.

సరే, క్యాన్సర్ ఎందుకు వస్తుంది?

అమ్మ ఇచ్చిన కిడ్నీ అయినా శరీరానికి అది పరాయిదే. దాన్ని గుర్తుపట్టి దాడికి దిగే తెల్ల రక్తకణాల్లో ముఖ్యమైనవి టి కణాలు. టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్, మైకోఫెనోలేట్, అజాథయోప్రిన్, మీరు వైసలోన్ అని పిలిచే స్టెరాయిడ్, ఇవన్నీ ఏదో ఒక దారిలో ఆ దాడిని తగ్గిస్తాయి. చిక్కేంటంటే టి కణాలకి వేరే పనులు కూడా ఉన్నాయి. ఒంట్లో దాక్కున్న వైరస్‌లని అదుపులో పెట్టేవి అవే, దారి తప్పిన కణాలని వెతికి చంపేవీ అవే. కిడ్నీ జోలికి పోకు, మిగతా పనులన్నీ చేసుకో అని టి కణానికి చెప్పగలిగే మందు ఇంకా రాలేదు.

పిల్లల విషయంలో అన్నిటికంటే ముఖ్యమైన వైరస్ ఒకటుంది. ఎప్‌స్టైన్-బార్ వైరస్, మేము ఈబీవీ అంటాం. 1964లో లండన్‌లో ఆంథొనీ ఎప్‌స్టైన్, ఇవోన్ బార్, బెర్ట్ అచాంగ్ దీన్ని కనిపెట్టారు. ఉగాండా పిల్లల దవడల్లో వచ్చే గడ్డల నుంచి తీసిన కణాల్లో ఇది దొరికింది. మనుషుల్లో క్యాన్సర్‌తో సంబంధం ఉన్నట్టు తెలిసిన మొట్టమొదటి వైరస్ ఇదే. భయపడకండి, ప్రపంచంలో నూటికి తొంభై మందికి పైగా పెద్దవాళ్ల ఒంట్లో ఇది ఉంది. నా ఒంట్లోనూ ఉండే ఉంటుంది. ఉమ్మితో అంటుకుంటుంది. ఎంగిలి గ్లాసు, ముద్దులు, నమిలి పెట్టే ముద్ద, ఇవి చాలు. చిన్నప్పుడు వస్తే రెండు రోజుల జ్వరంలా వచ్చి పోతుంది, ఒక్కోసారి అదీ ఉండదు.

కానీ వచ్చాక పోదు. బి కణాలనే ఇంకో రకం తెల్ల రక్తకణాల్లో మకాం వేస్తుంది. ఎన్నేళ్లైనా ఇల్లు ఖాళీ చేయని అద్దెదారు ఉంటాడు చూడండి, అలా. ఓనరు ఊళ్లో ఉన్నంతకాలం నోరెత్తడు, ఓనరు ఊరెళితే గదులన్నీ తనవే అంటాడు. ఇక్కడ ఓనర్లు టి కణాలు. మందుల వల్ల అవి బలహీనపడితే వైరస్ ఉన్న బి కణాలు అదుపు లేకుండా పెరిగిపోతాయి. మొదట్లో అది వట్టి వాపులా ఉంటుంది, ముదిరితే లింఫోమా అవుతుంది. ఈ మొత్తానికి కలిపి మా భాషలో పీటీఎల్‌డీ అంటాం. మీ డిశ్చార్జి కాగితాల్లో ఆ అక్షరాలు కనిపించి ఉండొచ్చు.

పెద్దవాళ్ల కంటే పిల్లలకి ఇది ఎక్కువగా ఎందుకు వస్తుంది? పెద్దవాళ్ల టి కణాలకి ఈ వైరస్ ముందే పరిచయం. చిన్నపిల్లలకి చాలాసార్లు పరిచయం ఉండదు. వైరస్ ఎరగని పసివాడికి వైరస్ ఉన్న పెద్దవాళ్ల అవయవం పెట్టి, అదే సమయంలో గట్టి మోతాదులో మందులిస్తాం. అంటే టి కణాలు చేతులు కట్టేసి ఉన్నప్పుడే ఆ వైరస్‌ని మొదటిసారి చూస్తున్నాయి. మన దేశంలో పిల్లలకి ఈబీవీ చిన్న వయసులోనే వచ్చేస్తుంది కాబట్టి, పన్నెండేళ్లకి కిడ్నీ పెట్టించుకునే పిల్లల్లో చాలామందికి ముందే వచ్చి పోయి ఉంటుంది. ఎనిమిది నెలలకి, ఏడాదికి కాలేయం పెట్టించుకునే పిల్లల సంగతి వేరు. ఇంకో తిరకాసు కూడా ఉంది. ఏడాదిలోపు పాపకి ఈబీవీ యాంటీబాడీ పరీక్ష చేస్తే పాజిటివ్ రావచ్చు. అది తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీ కావచ్చు, పాపకి సొంతంగా వచ్చింది కాకపోవచ్చు. అందుకే ఆ వయసులో రిపోర్టు పాజిటివ్ అని ఉన్నా మేము నెగెటివ్ కిందే లెక్కేసి జాగ్రత్త పడతాం.

(ఒక తల్లి: మా పాపకి నా లివరే ఇచ్చాను మేడమ్. అంటే ఆ వైరస్ నా నుంచే వెళ్లిందా?)

వెళ్లి ఉండొచ్చమ్మా. ఈ ప్రశ్న చాలామంది తల్లులు నన్ను ఒంటరిగా, ఏడుస్తూ అడుగుతారు. మీరు అందరి ముందూ అడిగారు, మంచిది. ఈ హాల్లో ఉన్న పెద్దవాళ్లలో ఎవరు ఇచ్చినా దాదాపుగా ఆ వైరస్ వెళ్లేదే. బ్రెయిన్ డెడ్ అయిన డోనర్ ఇచ్చినా అంతే. డోనర్‌కి ఈబీవీ ఉందని మేము ఆపరేషన్ ఆపం, ఆపితే ఎవరికీ ఆపరేషన్ జరగదు. మీరు ఇవ్వకపోతే పాపకి ఈ ప్రశ్న అడిగే వయసు కూడా వచ్చేది కాదు. మీరు చేయాల్సిందల్లా ఆ వైరస్ లెక్క పెరుగుతోందా అని మేము రక్త పరీక్ష రాసినప్పుడు చేయించడం. మొదటి ఏడాదిలో అది తరచుగా చేస్తాం. ఖరీదైన పరీక్ష, తెలుసు. నెలనెలా కుదరదంటే చెప్పండి, ఏ నెలలో తప్పనిసరో కూర్చుని చూసుకుందాం. చెప్పకుండా మానేయకండి.

ఇప్పుడు కొన్ని అంకెలు. అంకెలంటే టెన్షన్ పడతారని తెలుసు, కానీ ఇంటర్నెట్‌లో చూసి పడే టెన్షన్ కంటే ఇక్కడ విని పడటం నయం.

అమెరికాలో 1987 నుంచి 2011 వరకు అవయవ మార్పిడి జరిగిన 17,958 మంది పిల్లల రికార్డులని క్యాన్సర్ రిజిస్ట్రీలతో కలిపి చూశారు. 392 క్యాన్సర్లు కనిపించాయి. అంత మంది మామూలు పిల్లల్లో అంత కాలంలో సుమారు ఇరవై మాత్రమే వస్తాయని అంచనా. అంటే 19 రెట్లు. ఆ 392లో 279 నాన్-హాడ్జ్‌కిన్ అనే రకం లింఫోమాలు, నూటికి డెబ్బై ఒకటి. దీన్నే ఇంటర్నెట్‌లో "క్యాన్సర్ ముప్పు 19 రెట్లు" అని రాస్తే చదివిన నాన్నకి రాత్రి నిద్ర పట్టదు. అదే లెక్కని ఇటు నుంచి చూడండి. దాదాపు పద్దెనిమిది వేల మందిలో 392 అంటే వందకి ఇద్దరు, కొంచెం ఎక్కువ. చిన్న వయసులో క్యాన్సర్ అసలే అరుదు కాబట్టి రెట్లు అంత పెద్దగా కనిపిస్తాయి. రెండూ నిజాలే. రెట్లు చూసి మేము పరీక్షలు రాస్తాం, మీరు మాత్రం వందకి ఎంతమంది అన్నది గుర్తుపెట్టుకోండి.

కెనడాలో టొరంటో పిల్లల ఆస్పత్రివాళ్లు 951 మందిని సగటున పదకొండేళ్ల పాటు గమనించారు. అక్కడ నూటికి పన్నెండు మందికి క్యాన్సరో, ఈ పీటీఎల్‌డీయో వచ్చింది. గమనించిన కాలం, లెక్కించిన తీరు వేరు కాబట్టి రెండు అధ్యయనాల అంకెలని పక్కపక్కన పెట్టి కొట్టుకోనక్కర్లేదు. నాకు ముఖ్యంగా అనిపించింది వేరే ఉంది. ముప్పు మొదటి ఏడాదిలో అన్నిటికంటే ఎక్కువ. కానీ పదేళ్లు దాటాక కూడా తోటివాళ్ల కంటే సుమారు పది రెట్లు ఉంది. తగ్గింది, పోలేదు.

ఏ అవయవం అన్నది కూడా తేడా చేస్తుంది. పేగు మార్పిడిలో ముప్పు అన్నిటికంటే ఎక్కువ, ఎందుకంటే పేగులో తెల్ల రక్తకణాలు చేరి ఉండే లింఫ్ కణజాలం ఎక్కువ, మందుల మోతాదూ ఎక్కువ. తర్వాత ఊపిరితిత్తులు. గుండె, కాలేయం మధ్యలో ఉంటాయి. కిడ్నీకి తక్కువ.

మొదటి ఏడాది, రెండేళ్లలో ఇంట్లో ఏం చూడాలి? కారణం తెలియని జ్వరం వారం దాటితే. మెడలో, చంకలో, గజ్జల్లో బిళ్ళలు కట్టి తగ్గకపోతే. ఇంతకు ముందు లేని గురక మొదలైతే, ఇది చాలామంది పట్టించుకోరు, టాన్సిల్స్ పెద్దవైతే అలా జరుగుతుంది. ఆకలి లేక బరువు తగ్గితే. విరేచనాలు ఆగకపోతే, వాటిలో రక్తం పడితే. వీటిలో ఎక్కువసార్లు తేలేది మామూలు ఇన్ఫెక్షనే. మన దగ్గర టీబీ కూడా ఇలాగే కనిపిస్తుంది, అందుకే బిళ్ళ ఉంటే బయాప్సీ, అంటే చిన్న ముక్క తీసి పరీక్షించడం, చేద్దాం అంటాం. బయాప్సీ చేస్తే ఉన్న క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందని ఎవరో చెప్పారని ముక్క తీయనివ్వని కుటుంబాలని చూశాను. పాకదు. ముక్క చూడకుండా టీబీ మందులు ఆరు నెలలు వాడి, లోపల లింఫోమా పెరగనిచ్చిన సందర్భాలు ఎక్కువ బాధ పెట్టాయి.

(ఒక అబ్బాయి: నేను హాస్టల్లో ఉంటాను మేడమ్. జ్వరం వస్తే వార్డెన్ మెడికల్ షాపు నుంచి టాబ్లెట్లు తెప్పిస్తారు. వేసుకోవచ్చా?)

పారాసిటమాల్ వేసుకో నాన్నా. నొప్పి మాత్రలు, బ్రూఫెన్ లాంటివి వద్దు, నీ కిడ్నీకి పడవు. యాంటీబయాటిక్ మాత్రం మాకు ఫోన్ చేయకుండా వేసుకోవద్దు. ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ లాంటివి, తామరకి ఇచ్చే ఫ్లూకోనజోల్, ఇవి టాక్రో లెవెల్‌ని, అంటే రక్తంలో టాక్రోలిమస్ స్థాయిని, పైకి లేపేస్తాయి. టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్ దాన్ని కిందకి తోసేస్తుంది. పంపరపనస పండు కూడా లెవెల్ పెంచుతుంది, సంక్రాంతికి ఎవరైనా ఇచ్చినా నువ్వు తినకు. నీ మందుల పేర్లు ఒక కాగితం మీద రాసి వార్డెన్ దగ్గర ఒకటి, నీ పర్సులో ఒకటి పెట్టుకో. ఫోన్లో కూడా ఫోటో తీసి పెట్టుకో.

సరే, పీటీఎల్‌డీ వచ్చిందనుకోండి. ఇక్కడ ఒక మంచి వార్త చెప్పాలి. 1984లో స్టార్జ్ల్ బృందం లాన్సెట్ పత్రికలో ఒక పేపరు వేసింది. సైక్లోస్పోరిన్ మోతాదు తగ్గించడంతో, కొందరిలో ఆపేయడంతో ఈ లింఫోమాలు వెనక్కి వెళ్లిపోయాయని. క్యాన్సర్ గడ్డ, కీమో లేకుండా, మందు తగ్గిస్తే కరగడం. ఆ రోజుల్లో నమ్మడానికి కష్టమైన సంగతి. ఈ రోజుకీ మేము వేసే మొదటి అడుగు అదే, రోగనిరోధక శక్తిని అణిచే మందు తగ్గించడం. ఓనర్లని ఊళ్లోకి రప్పించడం అన్నమాట. దానికి లొంగకపోతే బి కణాలని చంపే రిటుక్సిమాబ్ ఇంజెక్షన్. అదీ చాలకపోతే కీమో. ఈబీవీని గుర్తుపట్టేలా తయారుచేసిన టి కణాలనే మందుగా ఎక్కించే పద్ధతికి యూరప్‌లో 2022 డిసెంబరులో అనుమతి వచ్చింది, రెండేళ్లు దాటిన పిల్లలకి కూడా. మనకి అందుబాటు ధరలో రావడానికి సమయం పడుతుంది. మందు తగ్గించినప్పుడు రిజెక్షన్, అంటే శరీరం కొత్త అవయవం మీద దాడి చేయడం, వచ్చే ప్రమాదం ఉంటుంది, కత్తి మీద సాములా ఆ కొన్ని వారాలు నడుస్తాం. చాలామంది పిల్లలు బయటపడతారు.

ఇంతవరకు చెప్పింది మొదటి అధ్యాయం. రెండో అధ్యాయం గురించి మన దగ్గర దాదాపు ఎవరూ మాట్లాడరు. అది పిల్లలు పిల్లలుగా ఉండటం మానేశాక మొదలవుతుంది.

ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో ఇరవై ఏళ్లలోపు కిడ్నీ పెట్టించుకున్న 1,734 మంది లెక్క ఉంది. పాతికేళ్లు గడిచేసరికి నూటికి 27 మందికి ఏదో ఒక క్యాన్సర్ వచ్చింది. అందులో పెద్ద భాగం చర్మ క్యాన్సర్. చర్మ క్యాన్సర్లు పక్కన పెడితే మిగతావి నూటికి 14. ఇది విని గుండె జారిపోవద్దు. ఆ 1,734 మందిలో నూటికి 85 మంది తెల్లవాళ్లు, ఉన్నది ఆస్ట్రేలియా ఎండలో. పైగా పాతకాలంలో ఎక్కువగా వాడిన అజాథయోప్రిన్ చర్మ కణాల డీఎన్‌ఏలో చేరి, ఎండలోని అతినీలలోహిత కిరణాలకి అది తేలిగ్గా దెబ్బతినేలా చేస్తుంది. మన చర్మపు రంగు మనకి రక్ష. నల్లగా ఉన్నాడని దిగులుపడే అమ్మలు ఈ ఒక్క విషయంలో సంతోషించవచ్చు. మన రోగుల్లో చర్మ క్యాన్సర్ చాలా తక్కువ. అలాగని మానని పుండు, పెదవి మీద పొక్కు, రంగు మారే పుట్టుమచ్చ కనిపిస్తే ఊరుకోకూడదు. మీ బంధువుల పిల్లలెవరైనా ఆస్ట్రేలియాలోనో అమెరికాలోనో ఉంటే, అక్కడి డాక్టర్లు ఏడాదికోసారి చర్మం చూపించుకోమంటే వెళ్లమనండి.

ఆ లెక్కలో నన్ను ఆపిన అంకె వేరే ఉంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఆ అమ్మాయిల్లో మామూలు కంటే సుమారు 29 రెట్లు. దానికి కారణం హెచ్‌పీవీ వైరస్. 1983లో హరాల్డ్ జుర్ హౌసెన్ ఆ సంబంధం చూపించారు, 2008లో నోబెల్ వచ్చింది. మన దేశంలో ఈ క్యాన్సర్ అసలే ఎక్కువ. మందుల వల్ల శరీరం ఈ వైరస్‌ని వదిలించుకోలేదు. అదే వైరస్‌లో వేరే రకాల వల్ల పులిపిర్లు కూడా గుత్తులు గుత్తులుగా వస్తాయి, మగపిల్లలకి కూడా. దీనికి టీకా ఉంది. సీరమ్ ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన మన దేశపు టీకా సెర్వావాక్ కూడా 2023 నుంచి దొరుకుతోంది. తొమ్మిదేళ్లు నిండిన పిల్లలకి మార్పిడికి ముందే వేయించగలిగితే అన్నిటికంటే మంచిది, అప్పుడు టీకా బాగా పట్టుకుంటుంది. మార్పిడి అయిపోయినా వేయించవచ్చు, ఇది బతికున్న వైరస్ టీకా కాదు. పదిహేనేళ్లలోపు మామూలు పిల్లలకి ఒకటి లేదా రెండు డోసులు చాలు, మన పిల్లలకి మూడు. "చిన్నపిల్లకి ఆ టీకా ఎందుకు మేడమ్" అని మొహమాటపడే నాన్నలు ఉన్నారు. క్యాన్సర్ టీకా అనుకోండి, అదే దాని పని. అమ్మాయికి పెళ్లయిన ఏడాదిలోపు గైనకాలజిస్టు దగ్గర మొదటి పరీక్ష చేయించండి, తర్వాత వాళ్లు చెప్పిన ప్రకారం.

హెపటైటిస్-బి టీకా కూడా అంతే, అది కాలేయ క్యాన్సర్‌ని ఆపే టీకా. ఒకప్పుడు విదేశాల నుంచి రావాలి, సామాన్యుడు కొనలేని ధర. 1997లో హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ మన దేశంలో తయారుచేశాక ధర కిందకి దిగింది. మీ పిల్లలకి వేయించే ఉంటారు, కానీ యాంటీబాడీ ఎంత ఉందో పరీక్ష చేయించారా? మందుల మీద ఉన్నవాళ్లలో అది తగ్గిపోతుంది, మళ్లీ వేయాల్సి రావచ్చు.

ఇక పొగాకు. ఇంగ్లిష్ మార్గదర్శకాల్లో దీని గురించి ఒక లైను ఉంటుంది. మన దగ్గర ఒక పేజీ ఉండాలి. మన దేశంలో మగవాళ్లకి ఎక్కువగా వచ్చే క్యాన్సర్ నోటి క్యాన్సర్. మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో అడ్డపొగ అలవాటు మీకు తెలుసు, చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగడం. దాని వల్ల అంగిలికి వచ్చే క్యాన్సర్ మీద మన విశాఖలోనే డాక్టర్లు ఏళ్ల తరబడి పరిశోధన చేశారు. ఇప్పటి కుర్రాళ్లు చుట్ట తాగరు. గుట్కా, ఖైనీ, సిగరెట్ మాత్రం ఇంటర్మీడియట్‌లోనే మొదలవుతున్నాయి. టి కణాలు పూర్తిగా పనిచేసే కుర్రాడికి గుట్కా చేసే హాని ఒక ఎత్తు, టాక్రో మీద ఉన్న కుర్రాడికి చేసే హాని ఇంకో ఎత్తు. బాబూ, నువ్వు నవ్వుతున్నావు గానీ నేను మీ నాన్నగారికి కూడా చెప్తున్నాను. ఇంట్లో ఎవరూ కాల్చకూడదు.

పదిహేడు, పద్దెనిమిది ఏళ్లకి ఇంకో పెద్ద గండం ఉంది. పిల్లల డాక్టరు దగ్గర నుంచి పెద్దల డాక్టరు దగ్గరికి మారడం. కొత్త డాక్టరుకి కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ కనిపిస్తుంది, టాక్రో లెవెల్ కనిపిస్తుంది. రెండేళ్ల వయసులో నెఫ్రోటిక్ సిండ్రోమ్ అనే కిడ్నీ జబ్బుకి సైక్లోఫాస్ఫమైడ్ ఇచ్చారని, అది కూడా తర్వాతి కాలంలో క్యాన్సర్ ముప్పు పెంచే మందని ఎవరు చెప్తారు? నాలుగో ఏట ఈబీవీ లెక్క పెరిగి తగ్గిందని? ఆ వివరాలు మా దగ్గర పాత ఫైళ్లలో ఉంటాయి, ఫైళ్లు గోడౌన్లో ఉంటాయి. అందుకే ఒక పేజీలో రాయించుకోండి. ఏ జబ్బు, ఏ తేదీన ఆపరేషన్, డోనర్ ఎవరు, అప్పటి ఈబీవీ రిపోర్టు ఏమిటి, ఏ మందులు ఎన్నేళ్లు, ఏ టీకాలు. డాక్టరు బిజీగా ఉంటే పట్టుబట్టి రాయించుకోండి, నా దగ్గరైనా సరే.

ఇదే వయసులో ఇంకోటి జరుగుతుంది. మందులు మానేస్తారు. అమెరికా రికార్డుల్లో అమర్చిన కిడ్నీ పాడయ్యే రేటు 17 నుంచి 24 ఏళ్ల మధ్య అన్నిటికంటే ఎక్కువ. ముఖం ఉబ్బుతుందనో, తోటివాళ్ల ముందు మాత్ర వేసుకోవడం నామోషీ అనో, బాగానే ఉన్నాను కదా అనో. ఈ రోజు నేను చెప్పింది విని, క్యాన్సర్ భయంతో మానేయడం ఆ జాబితాలో చేరకూడదు. క్యాన్సర్ ఎప్పటికో వందలో కొందరికి రావచ్చు. మందు మానేస్తే రిజెక్షన్ వారాల్లో, నెలల్లో రావచ్చు.

(ఒక తండ్రి: మందు తగ్గిస్తే ఆ లింఫోమా కరుగుతుందన్నారు కదా మేడమ్. మరి ముందు నుంచే కొంచెం కొంచెం తగ్గించుకుంటే అసలు రాదేమో? అమెరికాలో కొంతమంది పిల్లలకి పూర్తిగా ఆపేశారని యూట్యూబ్‌లో చూశాను.)

మీరు చూసింది నిజమే సార్. 2012లో ఒక అమెరికా అధ్యయనం వచ్చింది. తల్లో తండ్రో ఇచ్చిన కాలేయంతో ఏళ్ల తరబడి స్థిరంగా ఉన్న 20 మంది పిల్లల్ని ఎంచుకుని, బయాప్సీ చేసి, నెలల పాటు మెల్లగా మందు తగ్గించారు. 12 మంది కనీసం ఏడాది పాటు మందు లేకుండా బాగున్నారు. అందరం ఎగిరి గంతేశాం. తర్వాత అదే బృందం 88 మందితో పెద్ద అధ్యయనం చేస్తే 33 మందికే కుదిరింది. అంటే ఏరి కోరి ఎంచుకున్న పిల్లల్లో, నిత్యం పరీక్షలు చేస్తూ, నూటికి నలభై మంది కూడా లేరు. మిగతావాళ్లని మళ్లీ మందు మీదకి తీసుకురావాల్సి వచ్చింది, వెంటనే పట్టుకోగలిగారు కాబట్టి సరిపోయింది. ఇంట్లో మనంతట మనం తగ్గిస్తే పట్టుకునేవాళ్లు ఉండరు.

ఇంకోటి, అది కాలేయం కథ. కాలేయం కొంచెం సర్దుకుపోయే అవయవం. మీ బాబుకి పెట్టింది కిడ్నీ. కిడ్నీలో ఆ ప్రయోగం మామూలు వైద్యంగా ఎవరూ చేయడం లేదు. మేము తగ్గించగలిగినంత మేమే తగ్గిస్తాం. మొదటి ఏడాది ఉన్న మోతాదు ఇప్పుడు లేదు కదా? ఆ తేడా మీ ఫైల్లోనే ఉంటుంది, తీసి చూడండి. కొందరికి సిరోలిమస్ లాంటి మందుకి మారుస్తాం, చర్మ క్యాన్సర్ వచ్చినవాళ్లలో అది మళ్లీ రావడాన్ని తగ్గిస్తుందని రుజువులున్నాయి, కానీ దాని ఇబ్బందులు దానికి ఉన్నాయి, నోట్లో పుళ్లు, కొలెస్ట్రాల్. మీ బాబుకి అది అవసరమో కాదో ఇక్కడ నిలబడి చెప్పలేను. ఆఖరి టాక్రో లెవెల్ ఎప్పుడు చేయించారు? జూన్‌లోనా? అయితే రేపు ఉదయం మాత్ర వేయకుండా తీసుకురండి, రక్తం ఇచ్చాక ఇక్కడే వేద్దాం. టిఫిన్ డబ్బా కూడా తెచ్చుకోండి, క్యాంటీన్‌లో తొమ్మిదింటి దాకా ఏమీ ఉండదు.